మూసిన నోటిలోని నాలుక : గుటకను పరిశీలించిన చరిత్ర

భోజనం చేస్తుండగా ఎవరికైనా పొలమారితే ప్రక్కనున్నవారు తలమీద తట్టి, ఎవరో తలచుకుంటున్నారని అనడం మన ఇండ్లలో వాడుక. అన్నపు మెతుకో నీటి బొట్టో పోవలసిన దారి తప్పి ఊపిరి దారిలో అడుగుపెట్టిందని ఆ దగ్గు తెలియజేస్తుంది. రోజుకు కొన్ని వందలసార్లు మనం గుటక వేస్తాము. అందులో దారి తప్పేది ఏ ఒక్కటో. మిగిలినవన్నీ సరిగా సాగుతున్నాయంటే నోటిలోను గొంతులోను ఎంతటి క్రమం నడుస్తున్నదో ఊహించవచ్చు.

ఈ క్రమానికి సారథి నాలుక. ఆహారాన్ని ముద్దగా కూర్చేది, అంగిలికి అదిమి పట్టేది, వెనుకకు నెట్టేది అదే. అయితే నాలుక పనిని కంటితో చూడడంలో ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. చూడాలంటే నోరు తెరవాలి. నోరు తెరచి ఉంచితే మామూలుగా గుటక వేయడం సాధ్యం కాదు. అంటే చూసే ప్రయత్నమే చూడదలచిన క్రియను ఆపివేస్తుంది. ఈ చిక్కు ముందు రెండువేల సంవత్సరాలపాటు వైద్యులు, శరీర శాస్త్రజ్ఞులు, భాషావేత్తలు నిలబడవలసి వచ్చింది. దానిని వారు ఎట్లా ఎదుర్కొన్నారు, అందులో ముస్లిం నాగరికతకు చెందిన విద్వాంసుల పాలు ఎంత, చివరకు అల్ట్రాసౌండ్ అనే ధ్వని యంత్రం ఈ చిక్కును ఎంతవరకు విప్పింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

జాలీనూస్ నుండి బగ్దాదు వరకు

ప్రాచీన వైద్యంలో మింగుడును గురించి విపులంగా వ్రాసినవాడు గ్రీకు వైద్యుడు గేలెన్. అరబీ గ్రంథాలలోను, మన యునానీ హకీముల నోటను ఆయన పేరు జాలీనూస్. క్రీ.శ. రెండవ శతాబ్దికి చెందిన ఈయన జంతువులను కోసి పరిశీలించాడు. ఆహారనాళానికి రెండు పొరలున్నాయని, లోపలి పొరలోని నిలువు పోగులు ఆహారాన్ని క్రిందికి లాగుతాయని, వెలుపలి పొరలోని అడ్డు పోగులు బిగిసి నెట్టుతాయని ఆయన సిద్ధాంతం. మింగడానికి రెండు పొరలూ తోడ్పడతాయి, వాంతికి వెలుపలి పొర ఒక్కటే పనిచేస్తుంది, కనుకనే వాంతి కంటె మింగడం సులభమని ఆయన వాదించాడు. గుటక వేసినప్పుడు స్వరపేటిక పైకి లేవడాన్ని కూడా ఆయన గమనించాడు. ఇది గొంతుమీద వేలు పెట్టుకొని ఎవరైనా తెలుసుకోగల సంగతే.

ఈ విజ్ఞానం అరబీలోకి రావడంలో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (809-873) పాత్ర ప్రధానమైనది. క్రైస్తవుడైన హునైన్, బగ్దాదులో తన శిష్యులతోను బంధువులతోను కలిసి జాలీనూస్ గ్రంథాలను సిరియాక్, అరబీ భాషలలోకి తెచ్చాడు. అనువాదమైన జాలీనూస్ రచనల వివరాలతో ఆయన వ్రాసిన లేఖలో 129 గ్రంథాల ప్రస్తావన ఉన్నది. ప్రతి గ్రంథానికీ ఎవరు అనువదించారు, ఎవరికోసం అనువదించారు, ఎటువంటి ప్రతి దొరికింది అన్న విషయాలు అందులో వ్రాసిపెట్టాడు. తనకు ముందు జరిగిన అనువాదాలలోని లోపాలను కూడా దాచలేదు.

హునైన్ తరువాత సుమారు ఒకటిన్నర శతాబ్దికి ఇబ్నె సీనా (980-1037) తన అల్ ఖానూన్ ఫిత్తిబ్ గ్రంథంలో ఈ విజ్ఞానాన్ని ఒక క్రమంలో పేర్చాడు. లాగే శక్తి, నిలిపే శక్తి, జీర్ణింపజేసే శక్తి, నెట్టే శక్తి అనే నాలుగు శక్తుల సిద్ధాంతం ఖానూన్‌లో కనిపిస్తుంది. మింగుడులో లాగడం, నెట్టడం రెండూ ఉన్నాయన్న జాలీనూస్ మాటనే ఆయన అనుసరించాడు. ఈ విషయంలో ఖానూన్ కొత్త దర్శనం కాదు, పాత దర్శనానికి చక్కని కూర్పు. ఇబ్నె సీనా స్వతంత్ర ప్రతిభ నాలుక విషయంలో వెల్లడైనది మరొక చిన్న పుస్తకంలో.

అక్షరాల పుట్టుచోట్లు

ఆ పుస్తకాన్ని గురించి చెప్పే ముందు కొంచెం వెనుకకు వెళ్ళాలి. నాలుక కదలికను గురించి అరబీ విద్వాంసులు చేసిన అత్యంత సూక్ష్మమైన పరిశీలన వైద్యశాలలో గాక వ్యాకరణ పాఠశాలలో మొదలయింది. క్రీ.శ. ఎనిమిదవ శతాబ్దిలో బస్రా నగరవాసి ఖలీల్ ఇబ్నె అహ్మద్ కితాబుల్ ఐన్ అనే నిఘంటువుకు పథకం వేశాడు. అలిఫ్, బే, తే అనే అలవాటైన వరుసను విడిచి, గొంతు లోతున పుట్టే అక్షరంతో మొదలుపెట్టి పెదవుల దగ్గర పుట్టే అక్షరాల వైపు నడిచే వరుసను ఆయన ఎన్నుకున్నాడు. నోటిలో ప్రతి అక్షరం పుట్టే చోటును కనుగొనడానికి ముందు ఒక అచ్చును పలికి, దాని వెంట ఆ హల్లును పలికి, శబ్దం ఎక్కడ ఆగుతున్నదో గమనించేవాడని ఆ గ్రంథ పీఠికలో ఉన్నది.

తెలుగు పాఠకులకు ఇది పరిచితమైన పద్ధతే. క, చ, ట, త, ప వర్గాలు కంఠం నుండి పెదవుల దాకా వరుసగా నడుస్తాయని మనం బడిలోనే నేర్చుకుంటాము. ఈ పోలికను బట్టి భారతీయ శిక్షాశాస్త్రాల ప్రభావం బస్రాపై పడిందా అని కొందరు పండితులు చర్చించారు. సాక్ష్యం తేల్చి చెప్పేంత బలంగా లేదు. ఒకే నోరు, ఒకే నాలుక గల మనుషులు వేరువేరు చోట్ల ఒకే దారిని కనుగొనడమూ అసంభవం కాదు.

ఖలీల్ శిష్యుడు సీబవైహ్ తన అల్ కితాబ్‌లో అరబీ అక్షరాలకు 16 పుట్టుచోట్లను, అనగా మఖారిజ్‌ను, నిర్ణయించాడు. నాలుక మొదలు, నడుమ, అంచు, కొన అని భాగాలు చేసి, ఏ భాగం అంగిలిలో ఏ చోటుకు లేదా ఏ పంటికి తగులుతుందో చెప్పాడు. జాద్ అనే అక్షరం నాలుక ప్రక్క అంచుకూ దాని సమీపంలోని దవడపండ్లకూ మధ్య పుడుతుందన్న ఆయన వర్ణనను ఈనాటికీ భాషాశాస్త్రజ్ఞులు ఆసక్తితో చదువుతారు. తరువాత ఇబ్నుల్ జజరీ (1350-1429) ఈ సంఖ్యను 17గా స్థిరపరచాడు. మదరసాలలో తజ్వీద్ నేర్చుకునే పిల్లలు నేటికీ ఆ లెక్కనే వల్లిస్తారు.

ఈ పరిశీలన అంతా అద్దం లేకుండా, యంత్రం లేకుండా జరిగింది. వారు వాడిన సాధనాలు రెండే: చెవి, తన నాలుక తగిలిన చోటును తానే గుర్తించగల స్పర్శ. నాలుక అదృశ్యంగా పనిచేస్తుంది కాబట్టి పలుకును సాక్షిగా పిలిచారు. శబ్దం పుట్టించని గుటకకు మాత్రం ఈ సాక్షి కూడా లేదు.

ఇబ్నె సీనా వ్రాసిన చిన్న పుస్తకం పేరు అస్బాబు హుదూసిల్ హురూఫ్, అనగా అక్షరధ్వనుల ఉత్పత్తికి కారణాలు. అందులో ఆరు అధ్యాయాలున్నాయి. మొదటిది శబ్దానికి కారణాన్ని వివరిస్తుంది. రెండు వస్తువులు తాకడం వల్లనో విడిపోవడం వల్లనో గాలిలో పుట్టే అల శబ్దానికి సన్నిహిత కారణమని ఆయన అంటాడు. మూడవ అధ్యాయం స్వరపేటిక, నాలుకల నిర్మాణాన్ని గురించి. వ్యాకరణవేత్త నాలుక తగిలే చోటును చెప్పి ఊరుకున్న చోట వైద్యుడు దానిని కదిలించే కండరాన్ని, దానికి ఆధారమైన మృదులాస్థిని వెదికాడు. స్వరపేటికలోని మూడు మృదులాస్థులలో ఒకటి డాలు వంటిదని, మరొకటి గిన్నె వంటిదని పేర్లు పెట్టి, మూడవదానిని పేరులేనిది అనే పేరుతోనే పిలిచాడు. పేరు లేని చోట కొత్త పేరు కల్పించకుండా, లేదని చెప్పి ముందుకు సాగాడు. వ్యాకరణమూ శరీరశాస్త్రమూ ఒకే పుస్తకంలో కలవడం ఆ కాలానికి అరుదైన సంగతి.

శస్త్రవైద్యుని చెయ్యి

గ్రంథాలకు దూరంగా, రోగి నోటిముందు కూర్చున్న వైద్యుని సంగతి వేరు. అందలూసియాకు చెందిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (మరణం 1013) తన అత్తస్రీఫ్ గ్రంథంలోని ముప్పయ్యవ భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించి, పనిముట్ల బొమ్మలు కూడా వేయించాడు. గొంతులోని గిలకలు వాచినప్పుడు రోగిని సూర్యునికి ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిపించి, వెండితోనో కంచుతోనో చేసిన పలుచని పనిముట్టుతో నాలుకను క్రిందికి అదిమి చూడాలని చెప్పాడు. నాలుక క్రింది కట్టు బిగుసుకొని మాట సరిగా రానివారికి దానిని కోసే విధానాన్నీ వివరించాడు. గొంతులో ముల్లు గ్రుచ్చుకున్నవానిచేత గట్టి దారానికి కట్టిన సముద్రపు స్పంజి ముక్కను మింగించి, దానిని పైకి లాగి ముల్లును తీయడం ఆయన చెప్పిన ఉపాయాలలో ఒకటి.

ఇక్కడ మనం మొదట చెప్పుకున్న చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ వెలుగులో అజ్జహ్రావీ గొంతును చూడగలిగాడు. కాని అందుకు నాలుకను అదిమి ఉంచవలసి వచ్చింది. అదిమిన నాలుక గుటక వేయదు.

అదే అందలూసియాలో తరువాతి శతాబ్దికి చెందిన ఇబ్నె జుహ్ర్ (మరణం 1162) అత్తైసీర్ గ్రంథంలో మింగలేని రోగిని గురించి వ్రాశాడు. ఆహారనాళం మూసుకుపోయో చచ్చుబడో ముద్ద దిగనివారికి వెండి లేదా తగరపు గొట్టం ద్వారా పాలు వంటి ద్రవాహారం అందించే ఉపాయాన్ని ఆయన చెప్పాడు. కళ్ళెదుట ఆహారం ఉండగా మింగలేక మనిషి క్షీణించిపోవడం వైద్యుని నిస్సహాయతకు పరాకాష్ఠ. గుటక ఎక్కడ చెడింది, నోటిలోనా, గొంతులోనా, ఆహారనాళంలోనా అని చూచే దారి ఇబ్నె జుహ్ర్‌కు లేదు. ఉన్న రోగిని బ్రతికించే ఉపాయం మాత్రం వెదికాడు.

కంటి సాక్ష్యం

పరిశీలన విలువను చాటే ఒక సంఘటన ఇదే పరంపరలో ఉన్నది. అబ్దుల్లతీఫ్ బగ్దాదీ (1162-1231) ఈజిప్టులో ఉండగా 1200-1202 మధ్య ఘోరమైన కరవు వచ్చింది. లెక్కలేనంతమంది చనిపోయారు. అల్ మఖ్స్ అనే చోట గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను ఆయన పరిశీలించాడు. క్రింది దవడ రెండు ఎముకల కలయిక అని జాలీనూస్ వ్రాసినది అంతవరకు అందరూ ఒప్పుకున్న మాట. బగ్దాదీ చూచిన దవడలన్నిటిలోను ఎముక ఒకటే, అతుకు జాడ లేదు. ఇతరులచేత కూడా పరీక్ష చేయించి, రెండువేలకు పైగా పుర్రెలను చూచిన మీదట ఆయన తన మాటను ప్రకటించాడు. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా ఆయన మాట కంటె ఇంద్రియ సాక్ష్యం నమ్మదగినదని తేల్చాడు.

ఎముక విషయంలో ఈ పరీక్ష సాధ్యమైనది. ఎముక మరణం తరువాత కూడా మిగులుతుంది. గుటక అట్లా కాదు. జీవించి ఉన్నప్పుడు, నోరు మూసి ఉన్నప్పుడు, సెకను కాలంలో జరిగి ముగిసిపోతుంది. శవంలో నాలుక దొరుకుతుంది గాని దాని కదలిక దొరకదు. దవడను గురించిన పొరపాటును బగ్దాదీ దిద్దగలిగాడు. మింగుడును గురించి జాలీనూస్ చెప్పినది ఎంతవరకు నిజమో తేల్చే అవకాశం ఆయనకు గాని, ఆ తరువాత ఆరు శతాబ్దుల పాటు మరెవ్వరికి గాని చిక్కలేదు.

అద్దం, ఎక్స్‌రే

పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మజాందీ మింగుడును మూడు దశలుగా విభజించాడు: నోటిది, గొంతుది, ఆహారనాళానిది. ఈ విభజన నేటికీ వాడుకలో ఉన్నది. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత ఉపాధ్యాయుడు ఒక చిన్న అద్దాన్ని గొంతులో ఉంచి, మరొక అద్దంతో సూర్యకాంతిని దానిమీదికి మళ్ళించి, తన స్వరతంతువులను తానే చూచుకున్నాడు. అజ్జహ్రావీ ఎండకు ఎదురుగా రోగిని కూర్చోబెట్టిన ఎనిమిదిన్నర శతాబ్దుల తరువాత కూడా వెలుగు అదే సూర్యునిది, నోరు తెరవక తప్పనిదీ అదే.

1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొనడంతో నోరు మూసి ఉండగానే లోపల చూడడం మొదటిసారి సాధ్యమైనది. మరుసటి సంవత్సరమే అమెరికాలోని హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ జంతువులకు ఆహారం మింగించి ఎక్స్‌రే తెరమీద చూడనారంభించాడు. పొడవైన మెడ గల బాతుకు బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి, అది మెడ వెంట దిగడాన్ని గమనించాడు. తరువాతి కాలంలో బిస్మత్ స్థానంలో బేరియం వచ్చింది. నేటికీ మింగుడు జబ్బులకు బేరియం పరీక్ష ప్రధానమైనది.

అయితే ఎక్స్‌రేలో చక్కగా కనిపించేది మింగిన పదార్థమే. మెత్తని కండరమైన నాలుక అంచు మసకగానే ఉంటుంది. నాలుకను చూడాలంటే దానిమీద బేరియం పూయాలి, లేదా చిన్న లోహపు గుళికలు అతికించాలి. పైగా ఎక్స్ కిరణాలు అధికమైతే హానికరం. తొలి పరిశోధకులలో చాలామంది, కానన్‌తో సహా, ఆ కిరణాల వల్ల చర్మానికి గాయాలు పొందారు. పసిపిల్లలను, ఆరోగ్యవంతులను పదేపదే పరీక్షించడం తగదు. ఆరోగ్యవంతుని గుటక ఎట్లా ఉంటుందో తెలియకపోతే రోగి గుటకలో లోపమేమిటో ఎట్లా చెప్పగలము?

ధ్వనితో చూడడం

ఈ ప్రశ్నకు జవాబు ధ్వని నుండి వచ్చింది. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను అదిమితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లాంజెవాఁ ఈ గుణాన్ని ఉపయోగించి, నీటిలోని జలాంతర్గాములను ధ్వని ప్రతిధ్వనులతో పసిగట్టే పని చేపట్టాడు. 1942లో వియన్నా వైద్యుడు డుసిక్ అటువంటి ధ్వనిని మెదడు పరీక్షకు వాడ ప్రయత్నించాడు. 1958లో గ్లాస్గోకు చెందిన ఇయన్ డోనాల్డ్, ఆయన సహచరులు ఉదరంలోని గడ్డల అల్ట్రాసౌండ్ చిత్రాలను ప్రకటించాక ఈ విద్య వైద్యశాలలలో స్థిరపడింది. గర్భిణీ స్త్రీలకు చేసే స్కానింగ్‌గా ఇది నేడు మారుమూల పట్టణాలకు కూడా తెలుసు.

నాలుక పరీక్షలో ఈ యంత్రపు గ్రాహకాన్ని గడ్డం క్రింద, దవడ ఎముకల నడుమ ఆనిస్తారు. చెవికి వినబడని అతిధ్వని తరంగాలు అక్కడి నుండి నాలుక కండరం గుండా పైకి పోతాయి. మెత్తని కండరంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు, గాలిలో సుమారు 340 మీటర్లు. వేగంలోను సాంద్రతలోను ఇంత భేదం ఉండడం వల్ల, నాలుక పైభాగం దాటి గాలి తగలగానే తరంగాలు దాదాపు అన్నీ వెనుకకు మళ్ళుతాయి. ఆ ప్రతిధ్వని తెరమీద తెల్లని గీతగా కనిపిస్తుంది. ఆ గీతే నాలుక ఉపరితలం. ఎముక ఉన్నచోట నల్లని నీడ పడుతుంది. కనుక ముందు వైపు దవడ నీడ, వెనుక వైపు నాలుక మొదటనున్న కంఠికాస్థి నీడ, రెంటి మధ్య నాలుక కదులుతూ కనబడుతుంది.

1960ల చివరి నుండి ప్రసంగ పరిశోధకులు ఈ పద్ధతిని నాలుకపై ప్రయోగించసాగారు. 1981లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన బృందం మాటలాడేటప్పటి నాలుక కదలికను గురించి పత్రం ప్రకటించింది. 1983లో థామస్ షాకర్, బార్బరా సోనీస్, మౌరీన్ స్టోన్ మొదలైనవారు మింగేటప్పుడు నాలుక కదలికను, జరుగుతుండగానే, అల్ట్రాసౌండ్‌తో చూచిన పరిశోధనను వెలువరించారు. ఖలీల్, సీబవైహ్‌ల వలెనే ఇక్కడ కూడా పలుకును చదివే విద్య ముందు నడిచి, గుటకను చదివే విద్యకు దారి చూపడం గమనించదగినది.

వారు చూచినదేమిటి? ముందు నాలుక నడుమ భాగం పల్లమై ముద్దను దోసిలివలె పట్టుకుంటుంది. కొన పైకి లేచి పండ్ల వెనుక అంగిలిని తాకి నిలుస్తుంది. ఆ మీదట ముందునుండి వెనుకకు ఒక అల వలె నాలుక అంగిలికి అదుముకుంటూ పోతుంది, ముద్ద దానిముందు జారిపోతుంది. అదే సమయంలో కంఠికాస్థి నీడ పైకీ ముందుకీ కదులుతుంది, దానితో స్వరపేటిక లేచి ఊపిరి దారి మూతపడుతుంది. పని ముగియగానే అన్నీ యథాస్థానానికి వస్తాయి. గుటకలో స్వరపేటిక పైకి లేస్తుందన్న జాలీనూస్ గమనిక సరైనదే. కాని నోటిలో ముద్దను నడిపించేది ఏదో లాగే శక్తి కాదు, నాలుక నెట్టుడే. 1988లో వెలువడిన మరొక అధ్యయనం, వయసు మీరినవారికి గుటక ముగియడానికి యువకుల కంటె ఎక్కువ సమయం పడుతున్నదని చూపింది. ముసలివారికి తొందరగా అన్నం పెట్టరాదన్న ఇంటి అనుభవానికి ఇది కొలతతో కూడిన సమర్థన.

ఇంకొక చక్కని సంగతి ఉన్నది. మామూలుగా ఈ చిత్రంలో అంగిలి కనబడదు, నాలుకకూ అంగిలికీ మధ్యనున్న గాలి ధ్వనిని త్రిప్పికొడుతుంది. కాని ఒక గుక్కెడు నీరు నోటినిండా ఉంచుకొని మింగితే గాలి తొలగిపోయి, నీటి గుండా ధ్వని సాగి అంగిలి వంపు తెరమీద తేలుతుంది. అందుచేత మాటను పరిశోధించేవారు కూడా మొదట నీరు మింగించి అంగిలి గీతను వ్రాసుకుంటారు.

ఈ యంత్రానికి హద్దులున్నాయి. నాలుక కొన క్రింద గాలి చేరితే కొన కనిపించదు. నీటి బొట్టు ఊపిరి దారిలో పడిందా లేదా అన్నది నిశ్చయంగా చెప్పడానికి బేరియం పరీక్ష గాని, ముక్కుగుండా గొంతులోకి పంపే సన్నని దర్శిని గాని కావాలి. అయినా పక్షవాతం వచ్చిన రోగికి ఈ పరీక్షల విలువ ప్రాణంతో సమానం. అటువంటి రోగులలో కొందరికి పొలమారినా దగ్గు రాదు. అన్నం, నీరు నిశ్శబ్దంగా ఊపిరితిత్తులలో చేరి జబ్బు ముదురుతుంది. లోపం నాలుకలోనా, గొంతులోనా అని తెలిస్తే ముద్ద పరిమాణాన్ని, ఆహారపు చిక్కదనాన్ని, తల వంచే తీరును సవరించవచ్చు. ఇబ్నె జుహ్ర్‌కు అందని జవాబు ఇదే.

ఏది ఎవరిది

ఈ చరిత్ర చదివినప్పుడు రెండు తొందరపాట్లు మనలను ఆకర్షిస్తాయి. శబ్దం అల అని ఇబ్నె సీనా వ్రాశాడు గనుక అల్ట్రాసౌండ్ బీజం ఆయన పుస్తకంలోనే ఉన్నదని సభలలో చప్పట్లు కొట్టించుకోవడం ఒకటి. శబ్దం గాలిలోని కదలిక అన్నది గ్రీకులకూ తెలిసిన మాటే. ప్రతిధ్వనితో నాలుకను చూడవచ్చునన్న ఊహ ఆయన రచనలో లేదు. లేనిదానిని ఆయనకు అంటగట్టడం, పేరు లేని మృదులాస్థిని పేరులేనిదనే పిలిచిన మనిషికి చేసే అపచారం. రెండవ తొందరపాటు దీనికి వ్యతిరేకమైనది: జాలీనూస్ తరువాత యూరపు మేల్కొనేదాకా మధ్యకాలమంతా శూన్యమని చెప్పే పాఠ్యపుస్తక ధోరణి. పదహారు మఖారిజ్‌ల పట్టిక, ఎండలో మెరిసిన నాలుక పలక, పాలు పోసిన వెండి గొట్టం, రెండువేల పుర్రెల పరీక్ష శూన్యంలో పుట్టలేదు.

ఈ రెంటికీ విరుగుడు మన హైదరాబాదులోనే అచ్చయిన ఒక గ్రంథంలో ఉన్నది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుండి అబూబక్ర్ రాజీ మహాగ్రంథం అల్ హావీని 23 భాగాలుగా ప్రకటించింది. తొమ్మిది, పది శతాబ్దుల సంధిలో జీవించిన రాజీ ఆ పుస్తకంలో ప్రతి జబ్బును గురించి పూర్వులు చెప్పినదానిని వారి పేరుతో సహా ఎత్తి వ్రాసుకున్నాడు. ఆ మీదట తన అనుభవాన్ని చేర్చినచోట లీ అనే చిన్న మాట పెట్టాడు. దాని అర్థం నాది అని. జాలీనూస్‌ది జాలీనూస్‌కు, తనది తనకు. ఆయన తన వాటాను పెంచుకోలేదు, పూర్వుల వాటాను తగ్గించలేదు.

గుటక చరిత్రను కూడా అట్లాగే వ్రాసుకోవాలి. పోగుల సిద్ధాంతం గ్రీకులది. అక్షరాల పుట్టుచోట్ల పట్టిక బస్రాది. వెండి గొట్టం అందలూసియాది. తెల్లని గీతగా కదిలే నాలుక ఇరవయ్యవ శతాబ్ది ప్రయోగశాలలది. మంచం పట్టిన తండ్రికి చెంచాతో గంజి పోస్తూ, గుటక దిగిందో లేదోనని ఆయన గొంతువైపు చూసే కొడుకుకు మాత్రం ఇవన్నీ ఒకే పరంపరగా అక్కరకు వస్తాయి.